ఇంటికి చుట్టపుచూపుగా రానన్న చాన్సలర్

మీ ఇంట్లో ఉద్యోగస్తులు ఉన్నారా? ఉంటే ఈ వారం ఈ శీర్షికను వారిచేత చదివించండి. భార్యాబిడ్డలను ఆదివారం పూజకు పంపి తాము ఫైళ్ల ముందు కూర్చునే తండ్రులు మన విచారణల్లో కొత్త కాదు. షిఫ్టు డ్యూటీలు, బదిలీలు, అర్ధరాత్రి ఫోన్లు ఉండనే ఉన్నాయి. ఇందులో వారి తప్పెంత, పై అధికారుల తప్పెంత అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. సుమారు 500 ఏళ్ల క్రితం ఇదే చిక్కులో పడిన ఒక గృహస్థుని సంగతి మాత్రం చెబుతాను. ఆయన పునీత థామస్ మోర్. జూన్ 22న పునీత జాన్ ఫిషర్‌తో కలిపి ఆయన పండుగ జరుపుకుంటాం. రాజు మాటకు తలవంచక తల నరికించుకున్న వేదసాక్షిగా ఆయన మీకు తెలుసు. అంతకుముందు పాతికేళ్లకు పైగా ఉద్యోగాన్నీ సంసారాన్నీ ఒకే బుజంపై మోసిన మనిషిగా బహుశా తెలియదు.

థామస్ మోర్ 1478లో లండన్ నగరంలో పుట్టారు. తండ్రి జాన్ మోర్ న్యాయవాది, తరువాత న్యాయమూర్తి. బాలుడిగా కార్డినల్ మోర్టన్ ఇంట కొలువు, రెండేళ్లు ఆక్స్‌ఫర్డ్ చదువు, ఆ పైన లింకన్స్ ఇన్‌లో న్యాయశాస్త్రం. ఆ రోజుల్లోనే ఆయన కార్తూసియన్ మఠవాసుల పొరుగున సుమారు నాలుగేళ్లు గడిపి, వారి జపాల్లో పాల్గొంటూ సన్యాసమా, సంసారమా అని తర్కించుకున్నారు. చివరకు సంసారమే తన పిలుపు అని తేల్చుకొని 1505 ప్రాంతంలో జేన్ కోల్ట్‌ను పెళ్లాడారు. మార్గరెట్, ఎలిజబెత్, సిసిలీ, జాన్ అని నలుగురు పిల్లలు కలిగారు. 1511లో జేన్ మరణించారు. పసిబిడ్డల ఇల్లు తల్లి లేకుండా నడవదు గనుక నెల తిరక్కుండానే ఆలిస్ అనే విధవరాలిని వివాహమాడారు. లోకం ఏమనుకుంటుందోనని ఆయన ఆగలేదు. ఆలిస్ నోటిదురుసు గల ఇల్లాలని స్నేహితులు గుసగుసలాడేవారు. నాకైతే ఆమె మీద గౌరవమే. నలుగురు సవతి పిల్లలను, ఇంటినిండా అతిథులను సాకిన ఆవిడ నోట అప్పుడప్పుడు గట్టిమాట రాదా మరి!

1510 నుండి ఆయన లండన్ నగరానికి అండర్ షెరీఫ్. తీర్పులు చెప్పడం, కక్షిదారుల మాట వినడం, వర్తకుల తగవులు తీర్చడం ఆయన పని. 1516లో యుటోపియా గ్రంథం వెలువడింది. దాని మొదట పీటర్ గైల్స్ అనే మిత్రునికి రాసిన లేఖ ఉంది. పుస్తకం ఆలస్యమైనందుకు అందులో ఆయన చెప్పుకున్న సంజాయిషీ మీరు ఒకసారి తెలుసుకోవాలి. పగలంతా కోర్టు పని మింగేస్తోంది. ఇంటికి వస్తే భార్యతో మాట్లాడాలి, పిల్లలతో కబుర్లాడాలి, పనివారి మంచిచెడ్డలు విచారించాలి. వీటిని ఆయన విశ్రాంతి ఖాతాలో వేయలేదు, పని ఖాతాలోనే వేశారు. సొంత ఇంట్లో పరాయివాడుగా మిగలకూడదనుకుంటే ఇవి తప్పవన్నది ఆయన లెక్క. పుస్తకానికి మిగిలిందల్లా నిద్ర నుండీ భోజనం నుండీ దొంగిలించిన సమయమే.

నేను గురుమఠంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో యుటోపియాను ఆదర్శ రాజ్యం గురించిన గ్రంథంగానే చూశాం. ముందుమాట మీద ఎవరమూ ఆగలేదు. బ్రహ్మచారులం, ఎందుకు ఆగుతాం!

ఆ మాటకొస్తే మా గురువులకూ ఆయన ఒక చురక వేశారు. 1515లో రాజకార్యం మీద ఫ్లాండర్స్ వెళ్లి నెలల తరబడి ఇంటికి దూరమయ్యారు. తిరిగి వచ్చాక మిత్రుడు ఎరాస్మస్‌కు రాస్తూ, రాయబారం పని సంసారులకంటే గురువులకు నప్పుతుందన్నారు. వారికి ఇంట్లో ఎదురుచూసే భార్యాబిడ్డలు లేరు. తాను ఎంత మంచి తండ్రినైనా, తిరిగి వచ్చేదాకా తిండి మానుకొని ఉండమని ఇంటివారిని ఒప్పించలేకపోయానని పరిహాసమాడారు. రాజు ఇచ్చే బత్తెం ఒక ఇంటికి సరిపోతుందేమో గాని రెండిళ్లకు చాలదని అందులోని బాధ. క్యాంపులకు తిరిగే ఉద్యోగులకు ఈ లెక్క నేను వివరించనక్కరలేదు.

కొన్నాళ్లకు ఎనిమిదవ హెన్రీ రాజు ఆయనను తన కొలువులోకి లాక్కున్నాడు. ఇక్కడ అసలు చిక్కు మొదలైంది. రాజు కఠినుడై బాధించలేదు, ఇష్టపడి బాధించాడు. మోర్ మాట చమత్కారంగా ఉంటుంది, జ్ఞానం విస్తారంగా ఉంటుంది. పండుగ నాడు రాజు తన పూజ ముగించుకొని ఆయనను ఏకాంతానికి పిలిచి ఖగోళం, జ్యామితి, వేదాంతం ముచ్చటించేవాడు. రాత్రివేళ మేడ మీదికి తీసుకుపోయి నక్షత్రాల గమనం చెప్పించుకునేవాడు. రాజూ రాణీ భోజనానికి కూర్చున్నప్పుడు సరదా కబుర్లకూ ఆయనే కావాలి. ఎంత భాగ్యం అనుకుంటాం. కాని నెలకు ఒక్కసారైనా భార్యాబిడ్డల దగ్గరకు వెళ్లడానికి సెలవు దొరకలేదు. రెండు రోజులు వరుసగా కనబడకపోతే కబురు వచ్చేది.

అప్పుడు ఆయన ఏం చేశారో అల్లుడు విలియం రోపర్ తన మామగారి జీవితకథలో రాసిపెట్టాడు. ఆయన రాజుతో తగవు పడలేదు, రాజీనామా ఇవ్వలేదు. మెల్లగా చమత్కారం తగ్గించుకున్నారు. నవ్వించడం మానుకున్నారు. కొంచెం చప్పగా, కొంచెం మామూలు మనిషిగా తయారయ్యారు. దాంతో పిలుపులు తగ్గాయి, ఇల్లు దక్కింది. పై అధికారి మెప్పు కోసం లేని తెలివి ఉన్నట్టు నటించేవారిని చూశాం గాని, ఉన్న తెలివిని దాచుకొని ఇంటికి చేరిన ఉద్యోగిని నేను ఇంకొకరిని చూడలేదు.

దూరంగా ఉన్నప్పుడు ఉత్తరాలే ఆధారం. పిల్లలు రోజుకొక ఉత్తరం లాటిన్‌లో రాయాలని నియమం పెట్టారు. రాయడానికి ఏమీ లేదనే సాకు చెల్లదు. ముఖ్యంగా ఆడపిల్లలకు ఆ సాకు బొత్తిగా చెల్లదని వేళాకోళం. ఒకసారి వానలో, బురద దారిలో, గుర్రం మీద పోతూ పిల్లల కోసం లాటిన్ పద్యాలు అల్లారు. తాను వారికి పెట్టిన రొట్టెలు, పండ్లు, తొడిగించిన పట్టుబట్టలు అందులో గుర్తు చేశారు. కొట్టవలసి వస్తే నెమలి ఈకలతోనే కొట్టానని కూడా చెప్పుకున్నారు. బెత్తం లేనిదే చదువు రాదనుకునే కాలం అది. ఆ ఇంట ఆడపిల్లలు మగపిల్లవాడితో సమానంగా లాటిన్, గ్రీకు నేర్చారు. పెద్దకూతురు మార్గరెట్, పరలోక జపంపై ఎరాస్మస్ రాసిన వ్యాఖ్యను ఇంగ్లీషులోకి అనువదిస్తే అది అచ్చయింది. ఆడపిల్లకు చదువెందుకనే తండ్రులారా, ఇది 1520ల నాటి మాట!

1524 ప్రాంతంలో థేమ్స్ నది ఒడ్డున చెల్సీ గ్రామంలో స్థలం కొని ఇల్లు కట్టించారు. పెళ్లిళ్లయినా కూతుళ్లు దూరం పోలేదు. అల్లుళ్లు, కొడుకు, కోడలు, పదకొండు మంది మనుమలు, మనుమరాళ్లు అంతా ఒక చూరు కింద. కోతి, నక్క, ముంగిస జాతి జంతువులు, పక్షులు కూడా ఆ కుటుంబంలోవే. భోజనాల వేళ కూతుళ్లలో ఒకరు దివ్యగ్రంథం చదివేవారు. చదివిన దానిపై కాసేపు చర్చ, ఆ తరువాత సరదా మాటలు. జూదం, పేకాట ఇంట్లో నిషేధం. సంగీతం మాత్రం పుష్కలం. నడివయసులో ఉన్న ఆలిస్‌ను బుజ్జగించి వీణ వంటి తంత్రీవాద్యాలు, పిల్లనగ్రోవి నేర్పించి, రోజూ సాధన అప్పగించుకునేవారట! బల్ల దగ్గరకు ధనవంతులకంటే ఇరుగుపొరుగు పేదలే ఎక్కువగా వచ్చేవారు.

స్నేహితులు కూడా తక్కువ కాదు. ఎరాస్మస్ 1509లో మోర్ పాత ఇంట్లో ఉండగానే మూర్ఖత్వాన్ని పొగుడుతూ ప్రసిద్ధ వ్యంగ్య గ్రంథం రాసి, దాని లాటిన్ పేరులో మోర్ పేరును ఇమిడ్చాడు. చిత్రకారుడు హోల్బైన్ 1527 ప్రాంతంలో కుటుంబమంతటినీ కలిపి చిత్రించాడు. ఆ పెద్ద చిత్రం 1752లో అగ్నికి ఆహుతైంది. దానికి ముందు గీసుకున్న రేఖాచిత్రం బాసెల్ నగరంలో ఉంది. అందులో ఆడవారి చేతుల్లో పుస్తకాలు, ఆలిస్ కొంగు పక్కన కోతి!

తోట చివర ఆయన విడిగా ఒక చిన్న భవనం కట్టించుకున్నారు. అందులో గుడి, గ్రంథాలయం, వసారా. ఇంట ఉన్న శుక్రవారాల్లో ఉదయం నుండి సాయంత్రం దాకా అక్కడే జపం, చదువు. ఇది గమనించండి. కుటుంబాన్ని ఇంతగా ప్రేమించిన మనిషికి కూడా కుటుంబం నుండి ఒకరోజు పక్కకు తప్పుకోవలసిన అవసరం కనిపించింది. మార్గరెట్ చెమట జబ్బుతో చావు అంచుకు చేరి వైద్యులు ఆశ వదులుకున్నప్పుడు ఆయన మోకరిల్లి ఏడ్చింది ఆ గుడిలోనే. బిడ్డ బతికింది. బతకకపోయి ఉంటే లోకవ్యవహారాలకు శాశ్వతంగా స్వస్తి చెప్పేవాడినని ఆయనే అన్నారు.

1529 సెప్టెంబరులో ఆయన రాజుతో వుడ్‌స్టాక్‌లో ఉండగా చెల్సీలో ధాన్యపు కొట్లు కాలిపోయాయి. నిప్పు పొరుగువారి నిర్లక్ష్యం వల్ల అంటుకుంది. ఆలిస్‌కు ఆయన రాసిన ఉత్తరం నేటికీ ఉంది. ఇంటిల్లిపాదినీ తీసుకొని గుడికి వెళ్లి, పోయిన దానికీ మిగిలిన దానికీ కూడా దేవునికి వందనాలు చెప్పమన్నారు. మన మంటల్లో పొరుగువారు నష్టపోయింది ఎంతో విచారించమన్నారు. ఇంట్లో చెంచా మిగలకపోయినా వారి నష్టం తీర్చవలసిందే. గింజలు తక్కువయ్యాయని పనివారిని మానిపించవలసి వస్తే, వేరే చోటు దొరికేదాకా ఎవరినీ పంపకూడదు. చివర, తాను వెంటనే రావాలా వద్దా అని సలహా కూడా అడిగారు. ఆ అక్టోబరులోనే ఆయన లార్డ్ చాన్సలర్ అయ్యారు, రాజు తరువాత రాజంతటి పదవి.

పదవి వచ్చినా ఆదివారం మారలేదు. ఒకనాడు నార్ఫోక్ డ్యూక్ భోజనానికి వచ్చి చూస్తే, దేశపు చాన్సలర్ విచారణ గుడిలో తెల్లని అంగీ వేసుకొని గాయకులతో కలిసి పాడుతున్నారు. రాజుగారి హోదాకు ఇది చిన్నతనమని డ్యూక్ నొచ్చుకున్నాడు. రాజుకు యజమానియైన దేవుని సేవిస్తే రాజు చిన్నబుచ్చుకోడని మోర్ ఊరడించారు. పనిదినాల్లో వెస్ట్‌మినిస్టర్ హాలులో తన న్యాయపీఠం ఎక్కబోయే ముందు, పక్క న్యాయస్థానంలో ఉన్న ముసలి తండ్రి ఎదుట అందరూ చూస్తుండగా మోకరిల్లి దీవెన అడిగేవారు.

ఆయన జీవితంలో అంతా వెలుగే అని చెబితే నిజం కాదు. ఆయన చాన్సలరుగా ఉన్న కాలంలో సిద్ధాంత భేదం పేరిట ఆరుగురు సజీవదహనమయ్యారు. ఆ చట్టాన్ని ఆయన సమర్థించారు. ఆ ఆరుగురికీ ఇళ్లున్నాయని మనం మరువకూడదు.

రాజు తన వివాహం రద్దు కోసం శ్రీసభను లొంగదీసుకోబోగా 1532 మే 16న మోర్ పదవి వదిలారు. ఇంటివారికి ఆ సంగతి చెప్పిన తీరు వింతైనది. పూజ ముగిశాక, ప్రభువు వెళ్లిపోయారని ఆలిస్‌కు రోజూ వచ్చి చెప్పే నౌకరు స్థానంలో తానే ఆమె బల్ల దగ్గరకు వెళ్లి, టోపీ తీసి, ప్రభువు వెళ్లిపోయారని విన్నవించారు. ఆమెకు అది పరిహాసం కాదని అర్థమవడానికి కాసేపు పట్టింది. తరువాత బిడ్డలందరినీ కూర్చోబెట్టి ఆదాయం లెక్క చెప్పారు. విద్యార్థి వసతుల్లో తాను తిన్న తిండి ఒక్కొక్క మెట్టూ దిగుతూ తిందాం, చివరికి అదీ లేకపోతే జోలె పట్టుకొని ఇంటింటా సాల్వే రెజీనా పాడుకుందాం అని నవ్వించారు. ఎనిమిది మంది పడవవారిని పడవతో సహా కొత్త చాన్సలరుకు అప్పగించారు. ఎవరినీ ఊరికే వీధిన పడేయలేదు.

1534 ఏప్రిల్ 13న ప్రమాణం చేయమని లాంబెత్‌కు పిలుపు వచ్చింది. ఎప్పుడు పడవ ఎక్కినా భార్యాబిడ్డలు రేవు దాకా వచ్చి ముద్దులతో సాగనంపేవారు. ఆ ఉదయం ఆయన తోట గుమ్మం దగ్గరే వారిని ఆపి, తలుపు మూసి, రోపర్‌ను మాత్రం వెంట తీసుకొని వెళ్లిపోయారు. వారి ముఖాలు చూస్తే మనసు నిలవదని భయం కాబోలు. నదిలో కొంత దూరం మౌనంగా సాగాక, యుద్ధం గెలిచామని అల్లుడి చెవిలో చెప్పారు. ఏమి యుద్ధమో ఆ యువకునికి అప్పుడు తెలియలేదు.

నాలుగు రోజులకు టవర్ చెరసాల. ఆలిస్ చూడవచ్చి తన ధోరణిలో నిలదీసింది. చక్కని ఇల్లు, పుస్తకాలు, తోట, భార్యాబిడ్డలు ఉండగా ఎలుకల మధ్య ఈ మకాం ఏమిటని. ఈ ఇల్లు కూడా మన ఇంటంత దగ్గరే కదా పరలోకానికి అని ఆయన బదులిచ్చారు. ఆ జవాబు ఆమెకు రుచించలేదు. రుచించాలని నేనూ అనను.

1535 జులై 1న మరణశిక్ష. తిరిగి టవరుకు నడిపిస్తుండగా, రేవు దగ్గర మార్గరెట్ బల్లేల మధ్య నుండి దూసుకువచ్చి తండ్రి మెడను కౌగిలించుకుంది. కొంత దూరం వెళ్లి, ఆగలేక మళ్లీ పరుగెత్తుకొచ్చింది. కావలివారు కూడా కళ్లు తుడుచుకున్నారు.

జులై 5న, కలం దొరకక బొగ్గుతో, ఆమెకు చివరి ఉత్తరం రాశారు. లోకమర్యాద చూసుకోకుండా ఆమె అలా ముద్దు పెట్టుకున్న ఆ క్షణం కంటే ఆమె తీరు తనకెన్నడూ ఎక్కువ నచ్చలేదని అందులో ఉంది. సిసిలీకి ఒక రుమాలు, ఎలిజబెత్‌కు తోలుకాగితం మీది చిత్రం, కొడుకు జాన్‌కు దీవెన పంపారు. మార్గరెట్ పనిమనిషి డొరోతీని కూడా మరువక, ఆమెను బాగా చూసుకోమన్నారు. తన ఒంటి మీది వెంట్రుకల చొక్కాను కూతురికే పంపించేశారు. ఇన్నేళ్లూ దాన్ని రహస్యంగా ఉతికింది ఆమే. మర్నాడు పునీత థామస్ బెకెట్ పండుగకు ముందురోజు, పునీత పేతురు పండుగకు ఎనిమిదవ రోజు. దేవుని దగ్గరకు వెళ్లడానికి అది తనకు తగిన రోజని రాశారు. తెల్లవారాక తొమ్మిది గంటల లోపే ఆయనను తీసుకువెళ్లారు.