కనిపించని అలలు – జగదీశ్ చంద్ర బోస్

రేడియోకి తీగ ఉండదు, అయినా పాట వస్తుంది. ఎలా వస్తుందో తెలియాలంటే జగదీశ్ చంద్ర బోస్ గారి గురించి చదవాలి.

బోస్ గారు 1858 నవంబరు 30న ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న ప్రాంతంలో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ పెద్ద ఆఫీసరు. అప్పట్లో ఆఫీసర్లు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవాళ్ళు. ఈయన మాత్రం ముందు సొంత భాష రావాలని కొడుకుని బెంగాలీ బడిలో వేశారు. అక్కడ ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్క చేపలు పట్టేవాళ్ళ అబ్బాయి కూర్చునేవారు. వాళ్ళు పక్షుల గురించి, జంతువుల గురించి, నీళ్ళలో ఉండే జీవుల గురించి కథలు చెప్పేవారు. అవి వినే ఆయనకి ప్రకృతి మీద ఇష్టం కలిగింది. వాళ్ళు ఇంటికి వస్తే తల్లి తేడా చూపకుండా అందరికీ అన్నం పెట్టేది.

తర్వాత ఇంగ్లాండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదివారు. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ మాస్టారు అయ్యారు. అదే పనికి తెల్లవాళ్ళకి ఎక్కువ జీతం, ఈయనకి తక్కువ. అందుకని ఆయన జీతమే తీసుకోలేదు. కానీ పాఠం మానలేదు. ఇలా 3 సంవత్సరాలు గడిచాయి. చివరికి ప్రభుత్వం ఒప్పుకొని మొత్తం జీతం ఒకేసారి ఇచ్చింది. ఆ డబ్బుతో తండ్రి అప్పులు తీర్చారు.

ఇక అలల సంగతి. చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి కదా. ఒక అల నుంచి ఇంకో అలకి ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. సెకనుకి ఎన్ని అలలు వస్తాయో అది పౌనఃపున్యం. రేడియో అలలు కంటికి కనిపించవు. అన్నీ సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. అల పొట్టిదైతే సెకనుకి ఎక్కువ అలలు వస్తాయి. ఎఫ్.ఎం. రేడియో అల సుమారు 3 మీటర్లు, సెకనుకి దగ్గర దగ్గర 10 కోట్లు. ఒక్కో స్టేషనుకి ఒక్కో పౌనఃపున్యం ఇస్తారు. అందుకే పాటలు కలిసిపోవు, మనం బిర్రు తిప్పి కావలసినది పట్టుకుంటాం.

ఈ అలలు ఉన్నాయని 1887–88లో జర్మనీలో హెర్ట్జ్ నిరూపించారు. ఆయన అలలు అర మీటరు దాటి ఉండేవి. బోస్ గారు 5 మిల్లీమీటర్ల అలలు పుట్టించారు. అంటే సెకనుకి 6000 కోట్లు! మంచి ప్రయోగశాల లేదు. చిన్న గదిలో, రేకుల పనివాడి సాయంతో పరికరాలు చేయించుకున్నారు. 1895లో కలకత్తా టౌన్ హాలులో అందరి ముందు తీగ లేకుండా అలలు పంపితే, అవి గోడలు దాటిపోయి గంట మోగించాయి, తుపాకి మందు పేల్చాయి.

తన పరికరాలతో డబ్బు సంపాదించాలని ఆయన అనుకోలేదు. 1909లో వైర్‌లెస్‌కి నోబెల్ బహుమతి మార్కోనీకి, బ్రౌన్‌కి వచ్చింది. బోస్ గారికి రాలేదు. ఆయన తర్వాత మొక్కల మీద పరిశోధన చేశారు. 1917లో కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1937 నవంబరు 23న చనిపోయారు. అంత పొట్టి అలలు ఇప్పుడు కొత్త వైర్‌లెస్ పరికరాలలో వాడుతున్నారు.

మనకి ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. ఇంటి భాష మాట్లాడితే కొందరు నవ్వుతారు. బోస్ గారు సొంత భాషలోనే చదువు మొదలుపెట్టారు, చేపలవాళ్ళ అబ్బాయి పక్కన కూర్చొని. కాబట్టి మనం సిగ్గుపడక్కర్లేదు. బాగా చదువుకుందాం.