పరవస్తు చిన్నయసూరి

తెలుగు వచనమునకు శాసనము వ్రాసిన పరవస్తు చిన్నయసూరి పుట్టినది తెలుగునాట కాదు. రామానుజుల జన్మస్థలమైన శ్రీపెరుంబూదూరే ఆయనకును జన్మస్థలము. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకమున చాత్తాద శ్రీవైష్ణవ కుటుంబమున జనించి, చుట్టును అరవము వినవచ్చుచుండగా తెలుగును, సంస్కృతమును శ్రద్ధతో అభ్యసించెను. అట్టివానికి వీధి పలుకుబడికంటె కావ్యముల పలుకుబడియే ప్రమాణమైనదనిన వింత లేదు.

చెన్నపురిలో మొదట మిషను పాఠశాలయందును, పిమ్మట పచ్చయప్ప పాఠశాలయందును తెలుగు చెప్పి, తుదకు రాజధాని కళాశాలలో పండిత పదవి నందెను. బ్రాహ్మణేతర కుటుంబమున పుట్టినవానికి ఆనాడు ఆ పీఠము సులభముగా దొరకునది కాదు. పండితుడని అర్థమునిచ్చు సూరి అను బిరుదు ఆయన పేరున విడదీయరానట్లు కలిసిపోయినది.

అప్పటికి తెలుగు పద్యమునకు లక్షణ గ్రంథములు పెక్కులుండెను గాని వచనమునకు నిలుకడయైన రూపము లేదు. కరణముల కవిలెలు, కైఫీయతులు, ఉత్తరములు వాడుక మాటలతోనే నడచెడివి. రావిపాటి గురుమూర్తిశాస్త్రి వ్రాసిన విక్రమార్క కథలు, పంచతంత్ర కథలు ఇంచుమించుగా ఆ నడకవే. సూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించి, పద్యకావ్యముల భాషను వచనమునకు దింపెను. వలలో చిక్కిన పావురములను, వానిని విడిపించిన హిరణ్యకుడను ఎలుకను ఎరుగనివారు మన గ్రామములలో అరుదు. అయినను ఆ కథను సూరి వచనమున చదువుటకు గురువు కావలసివచ్చెను.

ఆ భాషకు కట్టుబాటుగా 1858లో బాలవ్యాకరణము వెలువడెను. అంతకుముందే ఒకటిరెండు రీతుల వ్యాకరణములు వ్రాసి చూచి, తృప్తి చెందక, తెలుగు సూత్రములతో పది పరిచ్ఛేదములుగా దీనిని తీర్చెను. పేరునకు బాలవ్యాకరణమే గాని పెద్దలకును చెమట పట్టించు గ్రంథమది. ప్రాచీన కవుల ప్రయోగములలో తనకు సమ్మతమైనవానిని ఏరి, తక్కినవానిని విడిచి, సూరి యొక భాషను కూర్చెను. ఏ ఊరివారును ఇంట మాటలాడని భాష యది. మార్కాపురము, గిద్దలూరు వీధులలో రేపు వస్తాడు అనుట ఆ గ్రంథము ప్రకారము గ్రామ్యము. వచ్చును అని వ్రాయవలయును. చూచెను, కోడిని అను మాటలు పక్కపక్కన పడినచో చూచెఁ గోడిని అని మార్చవలయును. అరసున్న, బండిఱ ఎచ్చట నుండవలయునో కంఠస్థము చేయక తప్పదు.

ఇంత కఠినుడును కొన్ని కిటికీలు తెరచియే యుంచెను. కవుల ప్రయోగములు ఒక దారికి రానిచోట బహుళము అను మాట వేసి విడిచెను. ఒకచోట నిత్యముగా, ఒకచోట వికల్పముగా, వేరొకచోట అసలే జరుగకుండ నుండుట దాని భావము. ఒక్క మాటలో నింత ఇమిడ్చిన నేర్పు సామాన్యము కాదు. ఆయన విడిచినవానిని పూరించుటకే బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణమును రచించెను.

1860వ దశకపు మొదటనే సూరి గతించెను. ఆయన ఇష్టాయిష్టములు మాత్రము బడిపిల్లలకు చట్టమై నిలిచెను. మార్కాపురపు పలకపై దిద్దిన పిల్లవాడు తల్లి మాటను ఉన్నదున్నట్లు వ్రాసిన తప్పయ్యెను. చదువు దొరకినవారికే ఇది కష్టమైనప్పుడు, దొరకనివారికి పుస్తకమే పరాయిదయ్యెను. ఈ అన్యాయమును ఎత్తిచూపిన గిడుగు రామమూర్తి 1863లో జన్మించెను. బాలకవిశరణ్యమున ప్రాచీన కవుల ప్రయోగములనే చూపి సూరి సూత్రములను ప్రశ్నించెను; గద్యచింతామణిలో గ్రాంథికమునకై పోరాడు పండితుల వచనమునందలి తప్పులను వారి ముందే పెట్టెను. సూరి కూర్చిన భాషను తప్పు లేకుండ వ్రాయుట ఆయన భక్తులకును సాధ్యము కాలేదు.

నీతిచంద్రికలో సూరి మిత్రలాభము, మిత్రభేదములను మాత్రమే వ్రాసెను. మిగిలిన సంధి, విగ్రహములను ఆ ఫక్కిలోనే వ్రాసినవారిలో కందుకూరి వీరేశలింగము ఒకడు. ఆ వీరేశలింగమే 1919లో రాజమహేంద్రవరమున వ్యావహారిక భాష కొరకు ఏర్పడిన సమాజమునకు అధ్యక్షుడయ్యెను.