మాట పెగలని మహా పండితుడు

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) పేరు వినని ముస్లిం కుటుంబం అరుదు. ఆయన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథాన్ని మన పండితులు ఎంతో గౌరవంగా ప్రస్తావిస్తారు. అయితే ఆ గ్రంథ రచనకు ముందు ఆయన నెలల తరబడి అనుభవించిన మనోవ్యధ గురించి మనం చెప్పుకునేది తక్కువ.

ఆయన క్రీ.శ. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. తండ్రి ఇద్దరు కొడుకులనూ ఒక సూఫీ మిత్రుడి చేతిలో పెట్టి కన్నుమూశారు. ఆ తండ్రి ఇచ్చిపోయిన కొద్దిపాటి సొమ్మూ అయిపోయాక అన్నదమ్ములిద్దరూ అన్నం దొరుకుతుందని మదర్సాలో చేరారని చరిత్రకారులు రాశారు. నైషాపూర్‌లో ఇమామ్ జువైనీ శిష్యరికం, ఆ తర్వాత ప్రధానమంత్రి నిజాముల్ ముల్క్ ఆదరణ లభించాయి. 1091లో బాగ్దాద్ నిజామియా మదర్సాలో ప్రధాన ఆచార్య పదవి దక్కింది. ఆనాటికి అంతకు మించిన విద్యా పదవి ఎక్కడా లేదనవచ్చు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠం వినేవారు.

హిజ్రీ 488 రజబ్ మాసంలో, అంటే 1095 జూలైలో, పరిస్థితి తలకిందులైంది. తాను చెబుతున్న పాఠాలు అల్లాహ్ ప్రసన్నత కోసమా, పేరు ప్రతిష్ఠల కోసమా అన్న ప్రశ్న ఆయన్ను తినేయసాగింది. పొద్దున బాగ్దాద్ విడిచిపోవాలని నిర్ణయించుకునేవారు, సాయంత్రానికి ఆ నిర్ణయం కరిగిపోయేది. ఇలా ఆరు నెలలు నలిగిపోయారు. చివరికి నాలుక మొరాయించింది. విద్యార్థుల మీది అభిమానంతో ఒక్కరోజైనా పాఠం చెబుదామని ప్రయత్నించినా నోట ఒక్క మాట రాలేదు. గుండెలో దుఃఖం గూడుకట్టుకుంది. గుక్కెడు నీళ్లు గొంతు దిగలేదు, ముద్ద అన్నం అరగలేదు. వైద్యులు వచ్చి చూశారు. ఇది మనసులో పుట్టి ఒంటికి పాకిన బాధ, మనసు కుదుటపడితే తప్ప మందు పనిచేయదని చెప్పి చేతులెత్తేశారు.

ఇంత దూరం నుంచి మనం దీనికి ఒక జబ్బు పేరు తగిలించడం తగదు. కానీ తిండి సయించక, మాట పెగలక, లోలోపల కుమిలిపోయే మగవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. అడిగితే ఏమీ లేదంటారు. ఈమాన్ తక్కువైందని ఎవరైనా అంటారేమోనన్న భయం ఒకటి! గజాలీ అలా దాచుకోలేదు. వైద్యుల ముందు కూర్చున్నారు. అల్లాహ్ ముందు మొరపెట్టుకున్నారు. తర్వాతి కాలంలో తన ఆత్మకథలో ఈ సంగతంతా పూసగుచ్చినట్లు రాసుకున్నారు. అంతటి పండితుడు అలా రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. వైద్య విద్యను ఫర్జె కిఫాయాగా లెక్కించిందీ, ఊళ్లో అందరూ ఫికహ్ చదువుతూ వైద్యాన్ని వదిలేస్తున్నారని ‘ఇహ్యా’లో బాధపడిందీ ఆయనే.

1095 నవంబరులో ఆయన బాగ్దాద్ విడిచారు. తనకూ పిల్లల పోషణకూ సరిపడా ఉంచుకుని మిగతా ధనమంతా పంచిపెట్టారు. పదవిని వదులుకున్నారే గానీ పిల్లల అన్నాన్ని మరిచిపోలేదు. డమాస్కస్‌లో రెండేళ్ల వరకు గడిపారు. అక్కడి జామె మసీదు మీనారు ఎక్కి, తలుపు వేసుకుని పగలంతా ధ్యానంలో ఉండేవారు. బైతుల్ మఖ్దిస్, ఇబ్రాహీం అలైహిస్సలాం సమాధి ఉన్న అల్ ఖలీల్, ఆ తర్వాత హజ్.

అంతటితో బాధ చేత్తో తీసేసినట్లు పోయిందని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. పిల్లల పిలుపు ఆయన్ను తిరిగి స్వస్థలానికి లాగింది. ఇంటి అవసరాలు, బతుకుదెరువు చింతలు ఏకాంతాన్ని చెడగొట్టేవి. నిర్మలమైన ఘడియలు అప్పుడప్పుడే దొరికేవి. అయినా ఆశ వదల్లేదని, అడ్డంకి వచ్చినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టేవాడినని రాశారు. ‘ఇహ్యా’లోని నలభై భాగాలు ఈ ఏళ్లలో రూపుదిద్దుకున్నవే.

1106లో నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ కోరికపై నైషాపూర్‌లో మళ్లీ పాఠం మొదలుపెట్టారు. ఒకప్పుడు పెగలని ఆ నోరే పదకొండేళ్ల తర్వాత విద్యార్థుల ముందు తెరుచుకుంది. కొన్నాళ్లకు తూస్ తిరిగివచ్చి, ఇంటి పక్కనే చిన్న మదర్సా, సూఫీల కోసం ఒక ఖాన్‌ఖా నడిపారు. 1111 డిసెంబరు 18న అక్కడే కన్నుమూశారు.