మూడు గుర్రాలు కూలినా ఆగని సవార్

గోవింద్ సింగ్ 1887 డిసెంబర్ 7న రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతంలో, దమోయ్ అనే పల్లెలో జన్మించారు. రాఠోడ్ రాజపుత్రులు. ఆయన చేరిన అశ్వదళం పేరు 28వ లైట్ కావల్రీ. ఆ దళం మన దక్షిణాదికి పరాయిది కాదు. 1903కు ముందు దాన్ని మూడవ మద్రాస్ లాన్సర్స్ అనేవారు.

ఉర్దూలో అశ్వదళాన్ని రిసాలా అంటారు. అందులో మామూలు సిపాయి సవార్. కాల్బలంలో హవల్దార్ ఎలాగో, రిసాలాలో దఫేదార్ అలాగ. మన కలెక్టర్ కచేరీల్లో దొరగారి ముందు నడిచే బంట్రోతును డఫేదార్ అని పిలుస్తుంటే, అది ఒకప్పటి గుర్రపు రౌతుల హోదా అని ఎంతమందికి తెలుసు? గోవింద్ సింగ్ లాన్స్ దఫేదార్, అంటే దఫేదార్‌కు ఒక మెట్టు కింద.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక హిందుస్తానీ రిసాలాలను ఓడల్లో ఫ్రాన్స్‌కు తరలించారు. అక్కడ యుద్ధమంతా కందకాల్లో, ముళ్లతీగల మధ్య సాగింది. మర ఫిరంగుల ముందు గుర్రం ఏం చేయగలదు? సవార్లు చాలాకాలం గుర్రాలు దిగి కందకాల్లోనే పనిచేశారు. గోవింద్ సింగ్‌ను అక్కడ రెండవ లాన్సర్స్‌కు, అంటే గార్డ్‌నర్స్ హార్స్‌కు జతచేశారు. 1809లో ఆ దళాన్ని నెలకొల్పిన గార్డ్‌నర్ దొర ఖంబాయత్ నవాబు వంశపు బేగంను వివాహమాడి, ఈ దేశంలోనే స్థిరపడి, ఇక్కడే కన్నుమూశాడు. గోవింద్ సింగ్ చేరేనాటికి ఆ దళంలో రాజపుత్రులు, జాట్లు, సిక్కులతో పాటు ముస్లిం సవార్లూ ఉండేవారు.

1917 నవంబర్ 30న కాంబ్రే దగ్గర జర్మన్లు ఎదురుదాడి చేశారు. మర్నాడు, డిసెంబర్ 1న, పేజియేర్ గ్రామం తూర్పున శత్రువు మీదికి వెళ్లమని రెండవ లాన్సర్స్‌కు హుకుం వచ్చింది. గుండ్ల వానలో గుర్రాలు దౌడు తీశాయి. సవార్లు శత్రువు కందకాన్ని పట్టుకున్నారు కానీ దళపతి నేలకొరిగాడు, వెనక నుంచి సాయం అందలేదు. చుట్టూ శత్రువులు. బ్రిగేడ్ స్థావరానికి కబురు అందాలంటే సుమారు ఒకటిన్నర మైలు బయలు నేల దాటాలి. ఆ నేల మొత్తం జర్మన్ల కళ్లెదుటే ఉంది.

ఎవరు వెళ్తారని అడిగితే ఇద్దరు ముందుకొచ్చారు: గోవింద్ సింగ్, జోత్ రామ్ అనే సవార్. ఒకే సందేశాన్ని ఇద్దరి చేతికీ ఇచ్చి చెరో దారిన పంపారు, ఒకరు పడిపోయినా మరొకరు చేరతారని. జోత్ రామ్ దారిలోనే చనిపోయాడు. గోవింద్ సింగ్ గుర్రం కూడా గుండు తగిలి కూలింది. ఆయన చచ్చినట్టు కదలకుండా పడుకుని, కాల్పులు సద్దుమణిగాక లేచి, పరుగెత్తుతూ, పాకుతూ కబురు చేర్చారు.

అక్కడితో ఆయన పని అయిపోయింది. కానీ జవాబు తీసుకెళ్లడానికి మళ్లీ తానే వెళ్తానన్నారు. నా దృష్టిలో మొదటి ప్రయాణం కన్నా ఇదే పెద్దది. మొదటిసారి వెళ్లేవాడికి దారి తెలియదు. ఆయన ఆ దారిని అప్పుడే చూసి వచ్చారు, అయినా మళ్లీ గుర్రమెక్కారు. రెండో గుర్రమూ దారిలోనే చచ్చింది. మిగతా దూరం కాలినడకన వెళ్లి జవాబు అందించారు.

గంట గడిచాక మరో సందేశం. మూడోసారీ ఆయనే. ఈసారి ఫిరంగి గుండు ఒకటి గుర్రాన్ని జీను వెనక భాగంలో రెండు ముక్కలు చేసింది. పైనున్న మనిషి బతికాడు! మళ్లీ కాలినడకే. నాలుగోసారి కూడా వెళ్తానంటే, నీ వంతుకు మించి చేశావని పైవారు ఒప్పుకోలేదు.

ఆ రోజంతా ఆయన మోసింది కాగితాలు. ఎవరి ప్రాణమూ తీయకుండానే ఆయనకు బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత పతకమైన విక్టోరియా క్రాస్ దక్కింది. 1911 దాకా ఆ పతకానికి హిందుస్తానీ సిపాయిలను అర్హులుగానే చూడలేదు. నియమం మారాక దాన్ని మొదట గెలిచినవాడు బలూచ్ దళానికి చెందిన ఖుదాదాద్ ఖాన్, 1914లో. గోవింద్ సింగ్ పేరు 1918 జనవరి 11న గెజెట్‌లో వచ్చింది. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి స్వయంగా పతకం తొడిగాడు.

తర్వాత ఆయన జమేదార్ అయ్యారు. 1942 డిసెంబర్ 9న, 55 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన పనిచేసిన రెండు దళాలూ స్వతంత్ర భారత సైన్యంలో కొనసాగాయి. గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చాయి.