పదేళ్ల సంఘం, తరతరాల భయం

లోకాన్ని తెర వెనుక నుండి నడిపించే రహస్య సంఘాలు నిజంగా ఉన్నాయా? ఇల్యూమినాటి పేరుతో ఫోన్లకు వచ్చే వీడియోలు చూసి పిల్లలతో సహా కలవరపడుతున్న కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. అందుకే ఈ వారం ఆ సంఘాన్ని స్థాపించిన ఆడమ్ వైస్‌హాప్ట్ జీవితాన్ని మీ ముందుంచుతున్నాము.

వైస్‌హాప్ట్ 1748 ఫిబ్రవరి 6న జర్మన్ రాజ్యాలలో ఒకటైన బవేరియాలో, ఇంగోల్‌స్టాట్ పట్టణంలో జన్మించాడు. ఐదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నాడు. జ్ఞానతండ్రి ఇక్‌స్టాట్ అతణ్ణి చేరదీశాడు. జెస్యూట్ గురువుల బడిలో చదివి, ఇరవై ఏళ్లకే న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. 1773లో పోపు 14వ క్లెమెంట్ జెస్యూట్ సభను రద్దు చేయడంతో, అంతవరకు వారి చేతిలో ఉన్న సంఘ చట్టాల ఆచార్య పదవి అతనికి దక్కింది. అయినా విశ్వవిద్యాలయంలో పాత గురువుల పలుకుబడి తగ్గలేదు. తన భావాలకు అక్కడ చోటు లేదని అతడు ఉడికిపోయాడు.

1776 మే 1న మరి నలుగురితో కలిసి రహస్య సంఘం ప్రారంభించాడు. మూఢనమ్మకాలను, ప్రజాజీవితంపై మతాధికారుల పెత్తనాన్ని, పాలకుల దౌర్జన్యాన్ని తొలగించాలన్నది దాని ఉద్దేశం. సభ్యులకు మారుపేర్లు ఉండేవి. వైస్‌హాప్ట్ పేరు స్పార్టకస్, మ్యూనిక్ నగరం పేరు ఏథెన్స్. ప్రతి సభ్యుడూ తన సంగతులతో పాటు తోటివారి సంగతులనూ పైవారికి నివేదించాలి. స్వేచ్ఛ కోసం పుట్టిన సంఘం తన వారిమీదే నిఘా పెట్టింది.

1780లో క్నిగ్గె అనే ప్రభువంశీయుడు చేరాడు. ఇది ప్రాచీన సంఘమని, పైన మహాత్ములైన అధిపతులున్నారని అతనికి చెప్పారు. కొంతకాలానికి వైస్‌హాప్ట్ అసలు సంగతి ఒప్పుకున్నాడు. ప్రాచీనతా లేదు, అధిపతులూ లేరు, పైమెట్లకు నియమాలు కూడా ఇంకా రాయలేదు! అయినా క్నిగ్గె ఆ నియమాలు రాసిపెట్టి, ఫ్రీమేసన్లలో చాలామందిని చేర్పించాడు. మహాకవి గేటే పేరు కూడా సభ్యులలో ఉంది. అంతా కలిపి రెండు మూడు వేలకు మించరని చరిత్రకారుల అంచనా. చివరకు పెత్తనం కోసం ఇద్దరూ తగవులాడుకోగా, 1784లో క్నిగ్గె వెళ్లిపోయాడు.

అదే ఏడాది బవేరియా పాలకుడు కార్ల్ థియోడర్ అనుమతి లేని సంఘాలన్నిటినీ నిషేధించాడు. 1785 మార్చిలో ఇల్యూమినాటిని పేరు పెట్టి మరీ నిషేధించాడు. వైస్‌హాప్ట్ ముందే పారిపోయాడు. 1786లో ఒక సభ్యుని ఇంట్లో దొరికిన కాగితాలను ప్రభుత్వం అచ్చు వేయించడంతో రహస్యాలన్నీ బజారున పడ్డాయి. గోథా పాలకుని ఆశ్రయంలో, తన్ను తాను సమర్థించుకుంటూ పుస్తకాలు రాసుకొని, 1830 నవంబరు 18న అతడు కన్నుమూశాడు. సంఘం అంతకు ఎన్నో ఏళ్ల ముందే అంతరించింది.

భయం మాత్రం చావలేదు. ఫ్రెంచి విప్లవం ఈ సంఘం పన్నాగమేనంటూ 1797లో బరూయెల్, రాబిసన్ పుస్తకాలు ప్రచురించారు. మరుసటి ఏడు అమెరికాలో జెడిడయా మోర్స్ అనే కాపరి అదే మాటను ప్రసంగవేదిక మీదికి తెచ్చాడు. రుజువుగా వర్జీనియాలోని ఒక లాడ్జి సభ్యుల పట్టీ చూపాడు. అది మామూలు ఫ్రీమేసన్ లాడ్జి అని తేలింది. అమెరికా డాలరు నోటుపై రోమన్ అంకెల్లో ఉన్న 1776ను కూడా కొందరు ఈ సంఘానికి ముడిపెడతారు. అది ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటన సంవత్సరం.

ఇలాంటి కథే తరువాత యూదుల మీదికి మళ్లింది. యూదు పెద్దలు లోకాన్ని ఏలడానికి కుట్ర పన్నారంటూ 1903లో రష్యాలో ఒక దొంగపత్రం అచ్చయింది. అది బూటకమని 1921లో లండన్ టైమ్స్ పత్రిక నిరూపించింది. అయినా నాజీలు దానిని వాడుకున్నారు. ఆ అబద్ధం పెంచిన ద్వేషం ఎందరి ప్రాణాలు తీసిందో మనకు తెలుసు.

కాబట్టి రహస్య సంఘాలు ఉండేవి, ఇప్పుడూ ఉండవచ్చు. కాని వాటిని నడిపేది మనవంటి మనుషులే. వారూ పోట్లాడుకుంటారు, వారి గుట్టూ బయటపడుతుంది. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఫోనులో పంపే సందేశానికీ వర్తిస్తుంది. ఈసారి అలాంటి వీడియో వస్తే, ఎవరు చెప్పారు, రుజువేమిటి అని అడుగుదాము. జవాబు లేకపోతే దానిని మన దగ్గరే ఆపుదాము.