ఆచార్య జగదీశ్ చంద్ర బోస్

మన ఖరగ్‌పూర్ నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల్లో కలకత్తా. 1858లో పుట్టిన బోస్ గారు 1885లో అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. తెల్లవాళ్ళ కన్నా తక్కువ జీతం ఇస్తామంటే, మూడేళ్ళు పైసా ముట్టకుండా పాఠాలు చెప్పారు. చివరికి సర్కారే దిగొచ్చి, బకాయితో సహా పూర్తి జీతం ఇచ్చింది.

1895లో టౌన్ హాల్లో, గోడల అవతలున్న గంటని వైర్లు లేకుండా మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. తర్వాత 5 మిల్లీమీటర్ల తరంగాల దాకా వెళ్ళారు. అంత పొట్టి తరంగం ఏ కొద్ది సందులోంచైనా జారిపోతుంది. అందుకే యంత్రాన్ని రేకు పెట్టెలో మూసేసి, ఒక్క గొట్టంలోంచే బయటికి వదిలారు.

రంధ్రం తరంగం పొడవు కన్నా బాగా చిన్నదైతే దాదాపు ఏమీ రాదు. పొడవాటి సందైతే, సన్నదైనా కారుతుంది. మైక్రోవేవ్ పొయ్యి తలుపు జాలీలో 12 సెంటీమీటర్ల తరంగం ఆగేది, రాడార్ సెట్టు మూత స్క్రూలన్నీ బిగించమనేది ఇందుకే.

1937లో గిరిడీలో కన్నుమూశారు. సిగ్నల్స్, రాడార్ వాళ్ళం తలచుకోవలసిన మహనీయుడు.