ఛార్జి అప్పగించిన సేనాని - రేచర్ల రుద్రుడు

పాలంపేట అనగానే మనకు రామప్ప గుడి గుర్తుకు వస్తుంది. ఆ గుడి కట్టించినదెవరని అడిగితే మాత్రం చాలామందిమి తడుముకుంటాము. నేనూ ఆ కోవకు చెందినవాడినే. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎన్నిసార్లు వెళ్ళినా శిల్పాలు చూసి, చెరువుగట్టున సద్దిమూట విప్పుకుని తిని తిరిగి వచ్చేవాడిని. గుడి ఆవరణలోని శాసన స్తంభం దగ్గర తీరికగా నిలబడింది రిటైరైన తరువాతనే. సంస్కృతం తెలిసిన మిత్రులొకరు అర్థం చెబుతుంటే విన్నాను. అది రాజుగారి గొప్పలే కాదు, ఒక కుటుంబం ముచ్చట, ఇరుగుపొరుగు ఊళ్ళ ముచ్చట కూడా.

రుద్రుడు రేచర్ల వంశంవాడు. తండ్రి కాటయ, తల్లి కామాంబ. ఆ వంశంవారు తరతరాలుగా కాకతీయుల కొలువులో సేనానులు. పిల్లలమర్రిలో భార్య ఎరకసాని పేరిట 1208లో ఎరకేశ్వరాలయం కట్టించిన బేతిరెడ్డిదీ రేచర్ల ఇంటిపేరే.

రుద్రుడి జీవితంలో అసలు పరీక్ష పన్నెండవ శతాబ్దం చివర వచ్చింది. కాకతి మహాదేవరాజు దేవగిరి యాదవులతో యుద్ధం చేస్తూ మరణించాడు. కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు చిక్కి బందీ అయ్యాడు. ఓరుగల్లు సింహాసనం ఖాళీ. ఇదే అదనుగా సామంతులు తల ఎగరేశారు. ఆ సమయంలో రాజ్యభారాన్ని భుజాన వేసుకున్నది రుద్రుడే. నాగతి అనేవాడిని తరిమికొట్టాడని శాసనం చెబుతుంది. సైన్యం అతని చేతిలోనే ఉంది, అడిగేవారెవరూ లేరు. కావాలనుకుంటే తానే రాజునని ప్రకటించుకోవచ్చు. ఆ పని చేయలేదు. 1199లో గణపతిదేవుడు విడుదలై వచ్చినప్పుడు రాజ్యం రాజ్యంగా అతని చేతిలో పెట్టాడు. గణపతిదేవుడు 1262 దాకా, అంటే అరవై ఏళ్ళకు పైగా పాలించాడు. ఆ పాలనకు పునాది ఈ సేనాని నమ్మకమే.

ఛార్జి తీసుకోవడం, ఛార్జి అప్పగించడం మనందరం చేసినదే. స్టాకు రిజిస్టరులో ఒక్క కుర్చీ తక్కువైతే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఒక రాజ్యాన్నే లెక్క తప్పకుండా అప్పగించినవాడిని ఏమనాలి!

1213వ సంవత్సరం, శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సర చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం నాడు రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. తన పేరుతోనే ఆగలేదు. తండ్రి పేర కాటేశ్వరుణ్ణి, తల్లి పేర కామేశ్వరుణ్ణి కూడా నిలిపాడు. రుద్రేశ్వరునికి ఉప్పరపల్లి, బొర్లపల్లి గ్రామాలను, తల్లిదండ్రుల పేరిటి దేవుళ్ళకు నడికుడ గ్రామాన్ని ఇచ్చాడు. గుడిలో దీపం వెలగాలంటే ఊళ్ళో పంట పండాలి. పంట పండాలంటే నీరు కావాలి. గుడికి సమీపంలోనే కొండల నడుమ గట్టు వేసి నిలిపిన రామప్ప చెరువూ కాకతీయుల కాలందే. ఎనిమిది వందల ఏళ్ళు గడిచినా దాని కింద రైతులు నాట్లు వేస్తూనే ఉన్నారు.

ఇంత చేసినవాడి పేరు జనం నోట నిలవలేదు. రామప్ప అనే శిల్పి పేరే గుడికీ చెరువుకూ స్థిరపడిందని పెద్దలు చెబుతారు. పనిచేసిన చేతికి పేరు రావడం న్యాయమే. రుద్రుడు కూడా కాదనేవాడు కాదేమో. 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు అతని పేరూ కలిసే వచ్చింది. కాకతీయ రుద్రేశ్వరాలయం అనే నమోదు చేశారు.

మనం ఎరిగిన వరంగల్ జిల్లా పాలంపేట 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. ఈసారి మనుమలతో వెళ్ళే సభ్యులు నంది దగ్గర ఫోటో దిగాక, ఆ శాసన స్తంభం దగ్గర కూడా ఐదు నిమిషాలు ఆగండి. అమ్మానాన్నల పేర్లు రాతిమీద రాయించి, తన వంతు కాని సింహాసనాన్ని ముట్టని మనిషి ఒకడుండేవాడని పిల్లలకు చెప్పండి. మన సర్వీసు మొత్తానికి అంతకు మించిన పాఠం నాకు కనబడలేదు.